ఉత్త చెయ్యి

రొమ్ము తీసేసిన మనిషిని చూడ్డానికి వచ్చేవాళ్లలో ఒక్కరు కూడా రొమ్ము గురించి అడగరు. అందరూ చెయ్యి గురించే అడుగుతారు. "చెయ్యెలా ఉందండీ?" "వాపేమైనా వచ్చిందా?" "పైకి లేస్తోందా?" పాలు పోసే ఆమె అయితే గుమ్మంలోంచే కేకేస్తుంది: "ఏటమ్మా, సెయ్యి లెగుస్తందా?" ఇందులో మొహమాటం ఉంది, కాదనను. శృంగవరపుకోట లాంటి ఊళ్లో, అరుగు మీద మగవాళ్లు పేపరు పంచుకుని చదువుతున్న ఇంట్లో, ఎంత దగ్గరివాళ్లయినా అంతకంటే ఏం అడుగుతారు? చిత్రమేమిటంటే, మొహమాటం కొద్దీ పక్కకు తప్పించిన ఆ ప్రశ్నే అసలు ప్రశ్న. ఆపరేషన్ బల్ల మీద పోయింది రొమ్ము. ఇంటికొచ్చాక తిరిగి సంపాదించుకోవాల్సింది చెయ్యి.

రొమ్ములో పుట్టిన క్యాన్సర్ సాధారణంగా ముందు పాకేది చంకలో ఉండే గ్రంథులకు. అందుకని చాలామందికి రొమ్ముతో పాటు ఆ గ్రంథులనూ తీస్తారు. చేతిలో ఊరే లింఫు అనే ద్రవం వాటి గుండానే గుండె వైపు తిరిగి వెళ్లాలి. దారి తెగితే అది చేతిలోనే నిలిచి వాపు వస్తుంది. కొందరికి నెలల్లో వస్తుంది, కొందరికి ఏళ్లు గడిచాక వస్తుంది, చాలామందికి అసలు రాదు. పైగా చంక మధ్యలోంచి పైచేతి లోపలి వైపుకు పోయే సన్నటి నరం ఒకటి ఉంది. అది తెగితే అక్కడి చర్మానికి స్పర్శ తగ్గిపోతుంది. నా కుడి చేతికి అదే జరిగింది. రాత్రి అటు తిరిగితే ఎవరో పక్కన చెయ్యి వేసి పడుకున్నట్టుంటుంది. తడిమి చూస్తే నాదే.

కుట్లు మానాక మరో వింత. చంకలోంచి మోచేతి దాకా చర్మం కింద సన్నటి గీత ఒకటి బిగుసుకుని లేచింది. చెయ్యి చాపబోతే అది చాపనివ్వదు. డాక్టరమ్మ వేలితో దాన్ని మీటినట్టు తాకి, "ఇది చాలామందికి వస్తుందండీ, భయం లేదు, సాగదీస్తూ ఉంటే అదే పోతుంది" అంది. భయం లేదన్న మాట బాగానే వినబడింది. సాగదీస్తూ ఉండాలన్న మాటకు ఎంత అర్థం ఉందో ఇంటికొచ్చాక తెలిసింది.

ఆపరేషనయ్యాక విశాఖ నుంచి పెందుర్తి, కొత్తవలస మీదుగా కారులో ఇంటికి వచ్చినప్పుడు నాతో పాటు ఒక ప్లాస్టిక్ సీసా కూడా వచ్చింది. పక్కటెముకల దగ్గర చర్మంలోంచి బయటికి వచ్చే గొట్టం చివర ఉంటుంది అది. గాయం లోపల ఊరే నీరు అందులోకి దిగుతుంది. విజయనగరం నుంచి మా అప్ప వచ్చి, మిగిలిపోయిన జాకెట్టు గుడ్డతో చిన్న సంచి కుట్టి, సీసాను అందులో పెట్టి నా మెళ్లో వేసింది. పొద్దున్నే సీసా వంచి, కొలిచి, ఎన్ని మిల్లీలీటర్లో రాసుకోవాలి. రోజుకు ముప్ఫై లోపుకు దిగి, మర్నాడు కూడా అక్కడే ఉంటేగాని గొట్టం తీయరు. నోటుపుస్తకం వెతికే ఓపిక లేక గోడకున్న వెంకట్రామా క్యాలెండర్లోనే రాశాం. ఏకాదశి కింద ఒక అంకె, మాసశివరాత్రి కింద ఒక అంకె, పాలు నాగా పడిన రోజు సున్నా పక్కన ఒక అంకె. మా అత్తగారికి లేవగానే తిథి చూసే అలవాటు. తిథితో పాటు ఆ అంకె కూడా చదివి, తగ్గిన రోజున ఇంటిల్లిపాదికీ ఆవిడే వినిపించేవారు.

తిండి సంగతి పెద్దగా చెప్పను. కందిపప్పు తింటే గాయం చీము పడుతుందన్న చుట్టాలకూ, గాయం మానాలంటే పప్పూ గుడ్డూ తినాలన్న డాక్టరమ్మకూ మధ్య నా కంచం కొన్నాళ్లు నలిగింది. డాక్టరమ్మే గెలిచింది. మా ఊరు అరకు రోడ్డు మీద ఉండటం వల్ల, ఆదివారాలు అరకు వెళుతూ దారిలో నన్ను పరామర్శించి పోయినవాళ్లున్నారు. వాళ్ల కార్లలో బంతి, బ్యాట్లు, పులిహోర. వాళ్లనేమీ అనడం లేదు, పులిహోర బాగుంది.

రొమ్ము పోయినందుకు దుఃఖం లేదా అంటే, ఉంది. జాకెట్టు ఒకవైపు వదులై ముడత పడుతుంది. పైట ఎడమ భుజం మీదికి పోతుంది కాబట్టి కుడివైపు లోటు తొందరగా కనబడుతుంది. బడిలో లెక్కలు చెప్పేదాన్ని, రోజంతా పిల్లల కళ్ల ముందు నిలబడేదాన్ని. లోపల దూది కూరి మెత్త కుట్టుకుంటే అది తేలిక కాబట్టి పైకి ఎగబాకుతుంది. బరువున్న సిలికాన్‌ది కదలదుగాని దాని ధర కదిలిస్తుంది. ఇవన్నీ తలచుకుని ఏడుద్దామని కూర్చున్నప్పుడల్లా చెయ్యే అడ్డం పడింది. కొంగుతో కళ్లు తుడుచుకుందామన్నా కుడి చెయ్యి మొహం దాకా రాదు. ఏడవడానికి కూడా ముందు వ్యాయామం చెయ్యాలని తెలిసి, ఏడుపు మధ్యలోనే నవ్వొచ్చింది.

ఆ వ్యాయామం చూడ్డానికి ఏమీ ఉండదు. గోడకు ఎదురుగా నిలబడాలి. చూపుడు వేలూ మధ్య వేలూ గోడకు ఆనించి, వాటిని ఒకదాని తర్వాత ఒకటి పైకి నడిపించాలి. పట్టేసిన చోట ఆగాలి. ఊపిరి పీల్చి వదలాలి. ఇంకో అంగుళం పోవాలి. మళ్లీ అదే దారిన దిగాలి. మా వీధి గది గోడ మీద కింది నుంచి పైకి స్విచ్‌బోర్డు, క్యాలెండర్ మేకు, మామగారి ఫోటో, గడియారం, ఆపైన బల్లులు. నా వేళ్లు మొదట స్విచ్‌బోర్డు దాటలేదు. క్యాలెండర్ మేకు తగిలిన రోజు ఇంట్లో ఎవరికీ చెప్పకుండా సంతోషపడ్డాను. మామగారి ఫోటోకున్న ప్లాస్టిక్ దండ తగిలిన రోజు అందరికీ చెప్పాను.

గోడ ఎక్కడం అంత కష్టం కాదు. గోడ దగ్గర నిలబడే హక్కు సంపాదించడం కష్టం. మంచం మీద ఉన్నన్నాళ్లూ ఇల్లు నన్ను నెత్తిన పెట్టుకుంది. కాఫీ మంచం దగ్గరికి, అన్నం మంచం దగ్గరికి, దిండు చేతి కిందికి. లేచి గోడ దగ్గర నిలబడ్డానో లేదో ఇంటి చూపు మారింది. గోడ దగ్గర నిలబడగలిగిన ఆడమనిషి పొయ్యి దగ్గర నిలబడలేదా? ఎవరూ ఆ మాట అనలేదు. అనక్కర్లేదు. కుక్కరు కూత వేసినప్పుడు ఇంట్లో అందరి కళ్లూ ఎటు తిరిగాయో నా కళ్లూ అటే తిరిగాయి. ఫోటో దాకా పాకిన వేళ్లు దించేసి, నేనే వెళ్లి స్టవ్ కట్టేశాను. మన ఇళ్లలో ఆడమనిషికి ఉన్నవి రెండే స్థితులు: మంచం, పని. జ్వరమొస్తే మంచం, తగ్గితే పని. ఈ రెంటికీ మధ్య కోలుకోవడం అని మూడోది ఒకటుందనీ, దానికీ చోటూ టైమూ కావాలనీ ఇంటి రాజ్యాంగంలో ఎక్కడా రాయలేదు.

ప్రభుత్వం మాత్రం ఒకసారి రాసింది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చి, పెద్ద ఆపరేషన్లు కార్డు ఉన్న పేదలకు అందాయి. తర్వాత విశాఖ శివార్లలో అగనంపూడి దగ్గర టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి వచ్చి, మా వైపు వాళ్లకు ముంబయి, వెల్లూరు ప్రయాణాలు తగ్గాయి. 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా అని మరో పథకం మొదలైంది. ఆపరేషన్ తర్వాత డాక్టరు విశ్రాంతి చెప్పిన రోజులకు రోజుకు రూ.225 చొప్పున, నెలకు రూ.5,000 మించకుండా రోగికి ఇవ్వాలన్నది అప్పట్లో దాని ఉద్దేశం. డబ్బు ఎంత అన్నది కాదు నాకు ఆశ్చర్యం. కోలుకునే రోజు కూడా పనిరోజేనని, దానికీ కూలి గట్టాలని ఒక కాగితం మీద అచ్చవడం ఆశ్చర్యం. కూలి చేసుకునేవాళ్లకు రెక్క ఆడితేగాని డొక్క ఆడదు కాబట్టి ఆ లెక్క ప్రభుత్వానికి తట్టింది. జీతం లేని ఇంటి పనికి ఆ లెక్క ఎవరు కడతారు?

మా అత్తగారు మంచి మనిషి. నా అవస్థ చూసి ఒకరోజు, "ఎందుకమ్మా ఆ గోడతో గొడవ? ఇంట్లో పనులు మెల్లగా చేసుకుంటూ ఉంటే అదే వ్యాయామం" అన్నారు. ఆ మాటలో నిజమెంతో చూద్దామని ఒక పూటంతా ఇంట్లో ఆడవాళ్ల చేతులనే గమనిస్తూ కూర్చున్నాను. కూర తరగడం, పిండి కలపడం, చపాతీ ఒత్తడం, గిన్నెలు తోమడం, బియ్యం ఏరడం, ఇల్లు ఊడవడం, బట్టలు ఉతకడం. చేతులకు క్షణం తీరిక లేదు. అయినా మోచెయ్యి నడుము దగ్గరే ఉంది. దండెం మీద బట్టలారేసినప్పుడు, అటక మీంచి డబ్బా దించినప్పుడు తప్ప చెయ్యి భుజం దాటి లేవలేదు. చేతినిండా పనున్న మనిషి ఆ చేతిని ఏళ్ల తరబడి పూర్తిగా చాపి ఎరగదు. ఇంటి పని వ్యాయామమే అయితే, మా అత్తగారు కొండవెలగాడలో ఉండాల్సిన మనిషి.

కొండవెలగాడ అంటే విజయనగరం పక్కనున్న ఊరు. ఆడపిల్లలు ఇనుము ఎత్తడం నేర్చుకునే ఊరు. ఆ ఊరి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో వెయిట్‌లిఫ్టింగ్ పతకం గెలిచింది. అంతకుముందే, 2000లో సిడ్నీలో, శ్రీకాకుళం దగ్గరి ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే. ఛాతీ మీద ఏనుగును మోశాడని కోడి రామ్మూర్తి నాయుణ్ణి కథలు కథలుగా చెప్పుకునే నేల ఇది. బలమంటే మాకు తెలియనిది కాదు. ఊరికి ఒకరో ఇద్దరో ఆడపిల్లలు బరిలోకి దిగారు, మిగతావాళ్లం చప్పట్లు కొట్టాం. చప్పట్లకు కూడా మోచెయ్యి నడుము దాటనక్కర్లేదు.

ఈ చేతిని పట్టించుకోవడం వైద్యంలో కూడా ఆలస్యంగానే మొదలైంది. అమెరికాలో విలియం హాల్‌స్టెడ్ 19వ శతాబ్దం చివర ప్రచారంలోకి తెచ్చిన ఆపరేషన్‌లో రొమ్ముతో పాటు ఛాతీ కండరాలూ, చంకలోని గ్రంథులూ తీసేసేవారు. ఎంత ఎక్కువ కోస్తే అంత క్షేమమని నమ్మకం. ఛాతీ గుంటపడి, చెయ్యి ఉబ్బి, ఆ చేత్తోనే బతుకంతా వెళ్లదీసిన ఆడవాళ్లు ఎందరో. బెర్నార్డ్ ఫిషర్ అనే సర్జన్ 1971లో మొదలుపెట్టిన పరిశీలనలో 1,665 మంది స్త్రీలు చేరారు. కండరాలతో సహా తీసేసినా, రొమ్ము మటుకే తీసినా ఆయుష్షులో తేడా లేదని, 25 ఏళ్లు వాళ్లను గమనించి 2002లో మరోసారి తేల్చారు. నా ఛాతీ కండరాలు నాకు మిగిలాయంటే, మామగారి ఫోటో దాకా వేళ్లు పాకాయంటే, ముఖం తెలియని ఆ స్త్రీల పుణ్యం కొంత ఉంది.

కోసేవాళ్ల సంగతి అది. కోసిన తర్వాత సంగతి పట్టించుకున్నది డాక్టరు కాదు, ఒక రోగి. 1952లో న్యూయార్క్‌లో టెరీస్ లాసర్‌కు ఆ పాత పద్ధతిలోనే ఆపరేషన్ జరిగింది. ఆ చెయ్యి ఎలా కదపాలో, బట్టల లోపల ఏం పెట్టుకోవాలో, ఇంట్లోవాళ్లతో ఏం చెప్పాలో ఆమెకు చెప్పేవాళ్లు లేరు. తనే నేర్చుకుని, అదే ఆపరేషనైన వాళ్ల మంచాల దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టింది. ఆమె తీసుకెళ్లే సరంజామా: ఒక రబ్బరు బంతి, ఒక తాడు, తాత్కాలికంగా పెట్టుకునే ఒక మెత్త. మొదట్లో కొందరు డాక్టర్లకు ఇది గిట్టలేదు. 1969 నాటికి అమెరికన్ క్యాన్సర్ సొసైటీయే దాన్ని తన కార్యక్రమంగా తీసుకుంది. ముప్పావలా బంతి, మూరెడు తాడు. అందులో వైద్యశాస్త్రం ఎంతుందో గాని, నీ చెయ్యి మళ్లీ లేస్తుందని చెప్పే మనిషి ఉంది.

ఆ తర్వాత కూడా ఒక భయం పోలేదు. ఆ చేత్తో బరువు ముట్టుకుంటే వాపు వస్తుందని డాక్టర్లూ అనేవారు, ఇరుగుపొరుగులూ అనేవారు. 1996లో కెనడాలోని వాంకూవర్‌లో డాన్ మెకెంజీ అనే క్రీడావైద్యుడు రొమ్ము క్యాన్సర్ దాటిన 24 మంది స్త్రీలను డ్రాగన్ పడవ ఎక్కించి తెడ్లు వేయించాడు. ఎవరికీ కొత్తగా వాపు రాలేదు. 2009లో అమెరికాలో కాథరిన్ ష్మిట్జ్ బృందం అప్పటికే చెయ్యి వాచిన 141 మందిని తీసుకుని, వాళ్లలో సగం మంది చేత వారానికి రెండుసార్లు, శిక్షకుల కనుసన్నల్లో, కొంచెం కొంచెంగా పెంచుతూ బరువులెత్తించింది. వాపు పెరగలేదు సరికదా, ఉన్నట్టుండి ముదిరే బాధ తగ్గింది. వీలైనంతవరకు ఆ చేతికి సూది పొడవనివ్వకూడదు, నూనె చిట్లి కాలకుండా చూసుకోవాలి, ఎర్రబడి జ్వరం వస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి పోవాలి. ఇవన్నీ నిజమే. చేతిని గుడ్డలో చుట్టి దాచుకోమని మాత్రం ఎవరూ అనడం లేదు.

ఇవన్నీ ఒక సాయంత్రం మా అత్తగారికి చెప్పాను. ఆవిడ కాసేపు విని, వచ్చి నా పక్కన గోడ దగ్గర నిలబడి, తనూ వేళ్లు ఆనించి నడిపించడం మొదలుపెట్టారు. క్యాలెండర్ మేకు దగ్గర ఆగిపోయారు. ఒక్క కత్తిగాటు కూడా పడని చెయ్యి అది. "ఇదేటే అమ్మాయ్, నాకూ లెగడం లేదే!" అన్నారు. ఆ భుజం ఎప్పుడు పట్టేసిందో ఆవిడకే తెలీదు. ఇన్నేళ్లలో చెయ్యి పూర్తిగా ఎత్తాల్సిన పనే పడలేదు మరి. అప్పుడే పాలు పోసే ఆమె వచ్చింది. పుణ్యగిరి వైపు కొండ కింది ఊరు ఆమెది. కట్టెల మోపులూ, సంతకు పనసకాయలూ నెత్తిన పెట్టుకుని నడిచే మనిషి. "ఇదేటి పెద్ద పనమ్మా" అని చెయ్యి నిటారుగా ఎత్తేసింది, వేళ్లు దాదాపు గడియారం దాకా పోయాయి. చెయ్యి అలాగే ఉంచమన్నాను. ఉంచింది. పైన మోపు లేదు, పట్టుకోడానికి తాడు లేదు. ఇటూ అటూ చూసి, నవ్వి, చెయ్యి దించేసి పైట సర్దుకుంది. "ఉత్త సెయ్యి ఎత్తితే సిగ్గేస్తందమ్మా" అంది.

ఇన్నాళ్ల నా ఆలోచనకు అంతకంటే మంచి మాట దొరకలేదు. మోపుంటే సిగ్గు లేదు. దండెం మీద బట్టలుంటే సిగ్గు లేదు. జాతరలో సిరిమాను కదిలి వచ్చేటప్పుడు విజయనగరంలో లక్షల చేతులు పైకి లేస్తాయి, అమ్మవారి కోసం కాబట్టి అప్పుడూ లేదు. ఎవరి కోసమూ కాకుండా, ఏ పనికీ కాకుండా, తన ఒంటి కోసం తాను చెయ్యి ఎత్తడానికే సిగ్గు. ఈ జబ్బు నా దగ్గర చాలా తీసుకుంది. ఆ సిగ్గును కూడా కొంత తీసుకుపోయింది. ఇప్పుడు కుక్కరు కూత మా ఆయనకు వినబడుతుంది. వినబడేదాకా నేను గోడ దగ్గరే ఉంటాను.

మీ ఇంటికో, మీ వీధికో ఈ ఆపరేషనై ఒక మనిషి తిరిగొస్తే పళ్లు తీసుకెళ్లండి, మంచిదే. చెయ్యెలా ఉందని అడగండి, అదీ మంచిదే. ఆ ఇంట్లోవాళ్లయితే మాత్రం ఆమెకు ఒక గోడా, పూటకు ఒక పావుగంటా ఇవ్వండి. ఆ పావుగంటలో ఆమెను పిలవకండి. నిలబడింది కదా అని పని చెప్పకండి.

ఏ ఆపరేషనూ కాని అక్కచెల్లెళ్లకు కూడా ఒక మాట. నెలకోసారి గది తలుపు వేసుకుని, అద్దం ముందు జాకెట్టు లేకుండా రెండు చేతులూ పైకెత్తి నిలబడండి. చేతులు లేచినప్పుడు చర్మం సాగుతుంది. లోపల గడ్డ పట్టి లాగుతున్న చోట ఉంటే సొట్ట పడుతుంది, చనుమొన లోపలికి పోవచ్చు, రెండు వైపులా ఒకేలా కదలకపోవచ్చు. చేతులు కిందికి ఉన్నప్పుడు ఇవి కనబడకపోవచ్చు. తర్వాత వేళ్లతో తడిమి చూసుకోండి, చంక కూడా చూడండి. ముప్ఫై దాటిన ఆడవాళ్లకు రొమ్ము పరీక్ష చేయించడం ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల బాధ్యతల్లో ఒకటి, ఏఎన్ఎమ్‌నో ఆశా కార్యకర్తనో అడగండి. మొదట్లో క్యాన్సర్ గడ్డ చాలామందికి నొప్పి పెట్టదు. నొప్పి లేదు కదా అని ఒక్క వారం కూడా ఆగకండి.